సీజన్ గుమస్తా పని వదిలి 18,000 జీతానికి పర్మినెంట్‌గా చేరవచ్చా? అనుభవజ్ఞుల సలహా కావాలి

ప్రశ్న (పాత గుంటూరు)

అందరికీ నమస్కారం. నా వయస్సు 31 సంవత్సరాలు, బీకాం చదివాను. గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీలో ఐదు సీజన్లుగా టెంపరరీ గుమస్తాగా పనిచేస్తున్నాను. ఫిబ్రవరిలో కొత్త మిర్చి రావడం మొదలుకాగానే కబురు చేస్తారు. జూన్ చివరికి సరుకు రాక ఆగిపోయిన తరువాత రిజిస్టర్లు అప్పజెప్పి బయటికి వస్తాను. రైతు తెచ్చిన టిక్కీలను (మిర్చి బస్తాలను) లెక్కపెట్టించి, కాటా వేయించి, లాట్ నంబరు రాయించి, ఏ ఛాంబరులో ఎక్కడ పెట్టారో రిజిస్టరులో ఎక్కించి, రైతు చేతికి సరుకు రసీదుగా బాండు ఇవ్వడం వరకు నా బాధ్యత. ఆ ఐదు నెలలూ రోజుకు 700 రూపాయల చొప్పున ఇస్తారు. లారీలు, ట్రాక్టర్లు బారులు తీరిన రోజుల్లో అర్ధరాత్రి దాటేవరకు ఉంటాను కనుక, ఓవర్‌టైముతో కలిపి నెలకు సుమారు 24,000 వస్తుంది. మిగిలిన ఏడు నెలలు పట్నం బజారులో ఒక హోల్‌సేల్ దుకాణంలో 12,000 జీతానికి పద్దులు రాస్తాను. మొత్తం కలిపితే సంవత్సరానికి 2,04,000, అంటే సగటున నెలకు 17,000 రూపాయలు.

ఈ నెల మొదటి వారంలో కోల్డ్ స్టోరేజీ యజమాని పిలిచి, పాత గుమస్తా ఒకాయన మానేస్తున్నారనీ, ఆ స్థానంలో నన్ను పర్మినెంట్‌గా తీసుకుంటామనీ చెప్పారు. ఇచ్చిన కాగితంలో మొత్తం జీతం 18,000 అని ఉంది. అందులో మూలవేతనం, కరువు భత్యం కలిపి 12,000. ఇంటి అద్దె భత్యం 6,000. పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉంటాయని నోటితో చెప్పారు. ఓవర్‌టైము గురించి ఆ కాగితంలో ఒక్క మాట కూడా లేదు.

ఇంట్లో అమ్మ, నా భార్య, నాలుగేళ్ల పాప ఉన్నాము. అమ్మకు షుగరు, బీపీ. అద్దె 6,500. పాపను వచ్చే జూన్‌లో బడిలో వేయాలి. నా భార్య ఇంటి దగ్గర బ్లౌజులు కుట్టి కొంత సంపాదిస్తుంది గానీ, ఆ ఆదాయం పండుగలను, పెళ్లిళ్లను బట్టి మారుతూ ఉంటుంది. పర్మినెంట్ అనే మాట కోసం ఐదేళ్లు ఎదురుచూశాను. తీరా అది వచ్చాక, చేతికి అందే డబ్బు ఇప్పటికన్నా తగ్గేలా కనిపిస్తున్నది. చేరమంటారా, సీజన్ పనిలోనే కొనసాగమంటారా? ఈ నెలాఖరులోగా సమాధానం చెప్పాలి.

జవాబు 1 (విజయవాడ, ఆటోనగర్)

నమస్కారమండీ. నేను ఆటోనగర్‌లో చిన్న చిన్న పరిశ్రమలకు జీతాల పట్టీలు తయారుచేసే కార్యాలయంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీరు వేసుకున్న లెక్క సరైనదే కానీ సగమే వేశారు. మిగిలిన సగం నేను వేసి చూపిస్తాను.

ముందుగా కోతలు చూద్దాము. పీఎఫ్‌కు ఇంటి అద్దె భత్యం లెక్కలోకి రాదు కనుక, 12,000 మీద 12 శాతం, అంటే 1,440 రూపాయలు మీ జీతంలోంచి తీస్తారు. ఈఎస్ఐకి అద్దె భత్యం కూడా కలిపే లెక్కవేద్దాము. 18,000 మీద 0.75 శాతం, అంటే 135 రూపాయలు. మన రాష్ట్రంలో 15,000 దాటి 20,000 వరకు జీతం ఉన్నవారికి వృత్తి పన్ను నెలకు 150. ఇవన్నీ పోగా మీ చేతికి వచ్చేది 16,275, సంవత్సరానికి 1,95,300. ఇప్పటి మీ ఆదాయం కంటే ఇది 8,700 తక్కువ. మీకు అనిపించినది నిజమే.

అయితే యజమాని కూడా తన వంతుగా మరో 1,440 కట్టాలి. అందులో 8.33 శాతం కింద సుమారు 1,000 రూపాయలు పింఛను పథకానికి వెళ్తుంది, మిగిలిన 440 మీ పీఎఫ్ ఖాతాలో పడుతుంది. మీ వాటాతో కలిపి ఖాతాలో నెలకు 1,880, ఏడాదికి 22,560 జమ అవుతుంది. దీనిపై 2024-25కు ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. పీఎఫ్‌తో పాటే బీమా కూడా ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా మనిషికి ఏదైనా జరిగితే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల వరకు వస్తుంది. ఒక్కరి సంపాదన మీద నలుగురు ఆధారపడిన ఇంట్లో దీన్ని చిన్న విషయంగా చూడవద్దు. బోనస్ చట్టం వర్తించే సంస్థ అయితే, అతి తక్కువగా లెక్కవేసినా ఏడాదికి 7,000 దాకా బోనస్ రావాలి.

ఈఎస్ఐ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నెల జీతం 21,000 వరకు ఉన్నవారికే ఇది వర్తిస్తుంది. మీ సీజన్ ఓవర్‌టైము వల్ల ఆ పరిమితి దాటిపోతుందేమోనని మీరు భయపడనక్కరలేదు; పరిమితి చూసేటప్పుడు ఓవర్‌టైమును కలపరు. మీ మీద ఆధారపడిన తల్లిగారిని కూడా అందులో చేర్చవచ్చు. మీకే జబ్బు చేసి డాక్టరు సెలవు రాస్తే, నిబంధనల ప్రకారం చందా కట్టిన రోజులు సరిపోయినప్పుడు, ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఈఎస్ఐ వారే చెల్లిస్తారు. సీజన్ గుమస్తాగా ఉండి మార్చిలో పది రోజులు మంచాన పడితే మీకు వచ్చేది సున్నా.

ఇక మీరు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ 18,000 అన్నది కోతలకు ముందు మీకు ఇచ్చే జీతమా, లేక మీ కోసం సంస్థ పెట్టే మొత్తం ఖర్చా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. యజమాని వాటా పీఎఫ్, ఆయన కట్టవలసిన 3.25 శాతం ఈఎస్ఐ కూడా ఆ 18,000లోంచే తీసేటట్లయితే, మీ అసలు జీతం 16,000 దగ్గరకు దిగుతుంది, చేతికి 14,300 ప్రాంతంలో వస్తుంది. మా దగ్గరికి వచ్చే తగాదాలలో చాలా వరకు ఇక్కడే పుడుతున్నాయి. చేరిన మొదటి నెల జీతం చూసుకున్నాక గానీ మనిషికి ఈ సంగతి తెలియడం లేదు.

జవాబు 2 (విజయవాడ, సింగ్ నగర్)

అన్నయ్య గారూ, పై లెక్కతో నాకు పేచీ లేదు. నేను అదే దారిలో నడిచాను కనుక, ఆ లెక్కలో కనిపించని కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మూడేళ్లు టెంపరరీగా 14,000కు చేసి, ఆరేళ్ల కిందట 15,500కు పర్మినెంట్ అయ్యాను. ఆ రోజు ఇంటికి స్వీట్లు తీసుకెళ్లాను. నెల తిరిగేసరికి చేతికి వచ్చింది టెంపరరీ జీతం కన్నా తక్కువ. "మొదట్లో అలాగే ఉంటుంది, ఏటా పెంచుతాము" అన్నారు. ఆరేళ్లలో పెరిగింది 2,700 మాత్రమే. అదీ నేను నాలుగుసార్లు అర్జీ పెట్టుకుంటే. ఎందుకంటే నా నియామక పత్రంలో ఇంక్రిమెంటు గురించి ఏమీ రాయలేదు, నేనూ అడగలేదు. పర్మినెంట్ చేస్తున్నారన్న సంతోషంలో, ఇంకా ఏమైనా అడిగితే ఆ మాట కూడా వెనక్కి తీసుకుంటారేమోనని భయపడ్డాను. మీరు ఆ భయంతో సంతకం పెట్టవద్దు. ఇన్నేళ్లు మీ పని చూసి, వాళ్లంతట వాళ్లే పిలిచారు.

ఇంకొకటి. చేరేటప్పుడు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. రెండేళ్ల తరువాత ఏలూరు రోడ్డులో వేరే చోట 19,000 ఇస్తామంటే వెళ్లలేకపోయాను. రెండు నెలల నోటీసు పూర్తయితే తప్ప కాగితాలు ఇవ్వమన్నారు, అవతలివాళ్లు అన్నాళ్లు ఆగలేదు. కాబట్టి మీ డిగ్రీ పత్రాలను చూపించి, జిరాక్సు కాపీలు మాత్రమే ఇవ్వండి. ఒరిజినల్స్ ఎవరికీ అప్పజెప్పవద్దు.

ఇంత చెప్పిన తరువాత, రెండో వైపు కూడా నిజాయితీగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా ఇంట్లోకి నడుము పైదాకా నీళ్లు వచ్చాయి. ఫ్రిజ్, మిషను, పరుపులు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. మా వారి ఆటో కూడా మునిగింది. అప్పుడు పీఎఫ్ ఖాతాలోంచి అడ్వాన్సు తీసుకుని, ఆ డబ్బుతోనే ఆటో ఇంజను బాగుచేయించుకున్నాము. వడ్డీకి ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. ఆ ఏడాదే నా మీద ఆధారపడిన మా అమ్మను నా కార్డు మీద చేర్చి గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించాను. అక్కడ వేచి ఉండవలసిన సమయం ఎక్కువే, అయినా నెలనెలా మందులకు అయ్యే ఖర్చు చాలా తగ్గింది. ఇవన్నీ తలచుకుంటే పర్మినెంట్ కావడం తప్పని నేను అనలేను. అడగవలసినవి అడగకుండా అయ్యానన్నదే నా బాధ.

జవాబు 3 (గుంటూరు, మిర్చి యార్డు)

తమ్ముడూ, నేను యార్డులో ఒక కమీషన్ దుకాణంలో 27 ఏళ్లుగా గుమస్తాగా ఉన్నాను. పీఎఫ్ లెక్కలు పైన చెప్పినవారికి తెలిసినంతగా నాకు తెలియవు. మీ యజమాని ఈ సమయంలో ఎందుకు పిలిచారో మాత్రం తెలుసు.

ఇది డిసెంబరు. సంక్రాంతి వెళ్లగానే కొత్త కాయ రావడం మొదలవుతుంది. ధర నచ్చని రైతు సరుకును ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెట్టుకుంటాడు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో మీ కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఊపిరి ఆడదు. ఆ సమయంలో లాట్ రిజిస్టరు తప్పుల్లేకుండా రాయగలిగిన మనిషి, తేజా రకం మిర్చి లాటును 334 రకం లాటుతో కలపకుండా చూసే మనిషి, పది టిక్కీలు తగ్గాయని రైతు గొడవకు దిగితే పాత పేజీ తీసి నెమ్మదిగా చూపించగలిగిన మనిషి కొత్తగా దొరకడం కష్టం. పాత గుమస్తా వెళ్లిపోతున్నాడంటే ఆ కష్టం రెండింతలు. అందువల్ల బేరానికి మీకు అనువైన కాలం ఇప్పటి నుంచి సంక్రాంతి లోపల మాత్రమే. సీజన్ మధ్యలో అడిగితే ఇరుకున పెడుతున్నాడని కోపం వస్తుంది. మేలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక అడిగితే వినేవారు ఉండరు.

నన్ను అడిగితే ఈ వ్యవహారమంతా ఓవర్‌టైము దగ్గరే ఉంది. మీరు 18,000కు, 16,275కు మధ్య తేడా చూస్తున్నారు. నేను చూసిన చోట్ల, మనిషి నెల జీతం మీదికి మారగానే రాత్రి పనికి ఇచ్చే డబ్బు మాయమైపోయింది. "నువ్వు మన మనిషివి కదా, గంటలు లెక్కపెడతావా" అంటారు. ఆ మాట ప్రేమగానే అంటారు, వినడానికి బాగానే ఉంటుంది, కానీ నాలుగు నెలలపాటు రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరే మనిషికి ఆ ప్రేమ పాల ప్యాకెట్టు కొనిపెట్టదు. ఇప్పుడు సీజన్‌లో మీకు వచ్చే 24,000లో ఆరు వేలకు దగ్గరగా ఓవర్‌టైమే అని మీ లెక్క చూస్తే తెలుస్తున్నది. ఐదు నెలలకు అది 29,000. పర్మినెంట్ అయ్యాక కూడా అది వస్తుందని కాగితం మీద ఉంటే కళ్లు మూసుకుని చేరండి. లేదంటే అదే పనిని అన్నే గంటలు, తక్కువ డబ్బుకు చేస్తారు.

పట్నం బజారు దుకాణం వారితో మాత్రం చెడగొట్టుకోవద్దు. ఏడాదికి ఏడు నెలలు అన్నం పెట్టిన చోటు అది. ఏ నిర్ణయమైనా వారికి ముందుగా మీరే వెళ్లి చెప్పండి, ఇంకొకరి నోట విననివ్వవద్దు.

జవాబు 1 రాసినవారు మళ్లీ

యార్డు నుంచి రాసిన పెద్దవారి మాట సరైనది. నేను ఓవర్‌టైము విషయం వదిలేయడం పొరపాటు. నిర్ణీత పని గంటలు దాటి చేయించుకుంటే మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలన్నది చట్టంలో ఉన్నదే. నెల జీతగాడు అన్నంత మాత్రాన కార్మికుడికి ఆ హక్కు పోదు. దానికి తోడు, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. కనుక నోటి మాటలతో సరిపెట్టుకోకుండా, పత్రంలో రాయమని మీరు నిస్సంకోచంగా అడగవచ్చు.

ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే గ్రాట్యుటీ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఇది మీకు నచ్చకపోవచ్చు. మీరు ఐదు సీజన్లు చేశారు కాబట్టి ఐదేళ్లు నిండాయని అనుకుంటూ ఉండవచ్చు. సంవత్సరం పొడవునా నడిచే సంస్థలో ఏడాదికి 240 రోజుల పని ఉంటేనే ఆ ఏడాదిని నిరంతర సర్వీసుగా చూస్తారు. మీకు ఏటా 150 రోజులకు మించి ఉండదు. అందువల్ల పర్మినెంట్‌గా చేరిన రోజు నుంచే మీ లెక్క మొదలవుతుందని అనుకోండి. అక్కడి నుంచి ఐదేళ్లు నిండితే, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, ఇప్పటి 12,000 మీదనే లెక్కవేసినా 34,600 దాకా వస్తుంది. ఒకవేళ పత్రంలో పర్మినెంట్ అని కాకుండా ఇన్నేళ్లకు అని గడువు రాసి ఉంటే అది వేరే రకం ఉద్యోగం. గడువు ఉద్యోగులకు కొత్త కోడ్ కింద ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది గానీ, గడువు తీరాక ఉద్యోగం ఉంటుందన్న భరోసా ఉండదు. ఆ పదం ఏమిటో చూసుకోండి.

పోయిన ఐదు సీజన్లకూ పీఎఫ్ కట్టలేదు కదా అని ఎవరైనా మిమ్మల్ని రెచ్చగొట్టవచ్చు. చట్టంలో టెంపరరీ, పర్మినెంట్ అన్న తేడా లేదు. పీఎఫ్ వర్తించే సంస్థలో సీజన్ మనిషికి కూడా కట్టవలసిందే. ఆ మాట నిజమే. అయితే ఆ తగాదాను, ఈ నియామకాన్ని ఒకే రోజు ఒకే బల్ల మీద పెట్టడం మంచిది కాదని నా అభిప్రాయం. ఆ ఐదు సీజన్ల అనుభవాన్ని పత్రంలో గుర్తించి, దానికి తగినట్లు మూలవేతనం పెంచమని అడగడం మేలు. మూలవేతనం పెరిగితే పీఎఫ్, గ్రాట్యుటీ దానితో పాటు పెరుగుతాయి. అద్దె భత్యం పెంచితే ఆ ప్రయోజనం ఉండదు.

చివరగా, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో, పాన్ కార్డులో మీ పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకొకచోట పొడి అక్షరంతో ఉంటే, రేపు అవసరానికి డబ్బు తీయాలనుకున్న రోజున పని ఆగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు, వారం తరువాత

ఇంత ఓపికగా రాసిన మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ జవాబులను కాగితం మీద రాసుకుని, రెండు రోజులు నా భార్యతో కూర్చుని మాట్లాడుకుని, మొన్న యజమాని గారిని కలిశాను. గొంతు కొంచెం వణికిన మాట వాస్తవమే గానీ అడగవలసినవన్నీ అడిగాను.

ఆ 18,000 కోతలకు ముందు జీతమేననీ, యజమాని వాటా విడిగా కడతామనీ చెప్పి, ఆ మాటను పత్రంలో రాశారు. మూలవేతనం పెంచడానికి మాత్రం ఒప్పుకోలేదు. మిగిలిన గుమస్తాలందరికీ అదే ఉందని, నాకొక్కడికి పెంచితే రేపు అందరికీ పెంచాలని అన్నారు. ఓవర్‌టైము దగ్గర చాలాసేపు చర్చ జరిగింది. మొదట "అదంతా జీతంలోనే ఉంటుంది" అన్నారు. సీజన్‌లో నేను ఏ రోజు ఎన్ని గంటలకు వెళ్లానో వాళ్ల గేటు రిజిస్టరులోనే ఉందని, పోయిన మార్చి పేజీలు చూడమని నెమ్మదిగా చెప్పాను. మేనేజరు ఆ రిజిస్టరు తెప్పించారు. పేజీలు తిప్పిన తరువాత, రోజుకు తొమ్మిది గంటలకు మించి చేసిన పనికి రెట్టింపు రేటు చొప్పున ఇస్తామని ఒక వాక్యం చేర్చారు. ఇంక్రిమెంటు గురించి "ప్రతి ఏప్రిల్‌లో సమీక్ష" అని మాత్రమే రాశారు. ఎంత అన్నది రాయలేదు. సింగ్ నగర్ చెల్లెమ్మ గారి అనుభవం గుర్తుకు వచ్చి ఇంకోసారి అడిగాను గానీ, అంతకు మించి కదలలేదు. సర్టిఫికెట్లు జిరాక్సులే తీసుకున్నారు. పత్రంలో గడువు ఏమీ లేదు, ఆరు నెలల ప్రొబేషన్ ఉంది.

జీతం చాలదన్న సంగతి నాకు తెలుసు. జూలై నుంచి జనవరి వరకు 16,275తో ఇల్లు గడపాలి. ఆ నెలల్లో ఇంతవరకు 12,000తోనే గడిపాము కనుక ఆ భాగం ఇప్పటికన్నా మెరుగే. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు ఓవర్‌టైము వస్తే లోటు పూడుతుంది. ఆ వాక్యాన్ని వాళ్లు ఎంతవరకు పాటిస్తారో మార్చి జీతం వచ్చాక ఇక్కడే రాస్తాను. జనవరి 2న చేరుతున్నాను. పట్నం బజారు యజమాని గారికి నేనే వెళ్లి చెప్పాను. నెలాఖరు వరకు ఉండి, కొత్తగా వచ్చే అబ్బాయికి పద్దులు చూపించి వెళ్లమన్నారు, సరేనన్నాను.

ఆధార్‌లో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం మాత్రమే ఉంది. రేపు ఉదయం దుకాణం తెరవడానికి ముందే బ్యాంకుకు వెళ్లి అర్జీ ఇస్తాను. దానికి ఆధార్ కాపీ సరిపోతుందా, ఇంకేమైనా తీసుకెళ్లాలా అన్నది ఆటోనగర్ వారు తెలియజేయగలరు.